తెలంగాణలో సున్న

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. ఎంగిలిపూల బతుకమ్మ నాడు, మంగళవారం, పొద్దున పదకొండు గంటలకు జగిత్యాలలోని మా ఆఫీసుకు కరెంటు వచ్చింది. పదకొండుంబావుకు మా వెబ్‌సైటులో తెలంగాణ లేదని తేలింది. ఆ మాట చెవిన పడగానే నా కడుపు చల్లబడింది.

ఉద్యమంలో ఉన్న మనిషి అట్లా సంతోషపడొచ్చా అని అడిగేవాళ్లు ముందు సంగతి వినండి.

మాది రాయికల్ దగ్గరి పల్లె. ఊహ తెలిసినప్పటి నుంచి బీడీలు చేశాను. ముప్పై దాటినాక రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పింది మా సారు. పగలంతా సర్కారు బడిలో పిల్లలకు చెప్పి, చీకటి పడ్డాక మా బీడీల ఆడవాళ్లకు చెప్పేవాడు. సున్న నేర్పిన రోజు నాకు బాగా గుర్తు. పలక మీద గుండ్రంగా చుట్టి, "గిది సున్న. అక్షరం పక్కన కూసుంటే 'అం' అని మోగుతది. అంకె పక్కన కూసుంటే అంకెను పెద్దగ జేస్తది. అదెవ్వలో పక్కోన్ని జూసి చెప్పాలె" అన్నాడు. మా గుంపులో ఆ మాట ముందుగా తిప్పి చెప్పింది నేనే. "శభాష్ బిడ్డా" అన్నాడు. అంతకు ముందు నన్నెవరూ ఆ మాట అనలేదు. మా నాయన కూడా అనలేదు.

ఆ సారే నన్ను జగిత్యాలలోని ప్రింటింగు ప్రెస్సులో పెట్టించాడు. సీసం అక్షరాలు గూళ్లలోంచి ఏరి, తిరగేసి పేర్చేదాన్ని. ఎవరైనా దోస్తు కలిస్తే చాలు, సారు వెంటబెట్టుకొని వచ్చి చూపించేవాడు. "బీడీలు జేసిన చెయ్యి. ఇప్పుడు అక్షరాలు పేరుస్తున్నది, సూడుండ్రి" అనేవాడు. నేను తల ఎత్తకుండా పని చేసేదాన్ని. కానీ ఆయన వచ్చిన రోజు నా చెయ్యి ఇంకాస్త జోరుగా నడిచేది.

తర్వాత సీసం పోయింది, కంప్యూటర్లు వచ్చాయి. మీరిప్పుడు ఫోనులో వేలు తాకిస్తే తెలుగు పడుతుంది, అది ఏ ఫోనులో తెరిచినా తెలుగుగానే ఉంటుంది. అప్పుడట్లా లేదు. మేము కొట్టే పాత ఫాంటులో తెలుగనేది పైపై వేషమే. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఫలానా గుర్తు ఉన్నచోట ఫలానా తెలుగు ముక్క చూపించమని ఫాంటు చెప్తుంది. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో చక్కటి తెలుగు కనిపిస్తుంది. లేనిచోట వేషం ఊడిపోయి చుక్కలు, గీతలు, నెత్తిన కొమ్ములున్న ఇంగ్లీషు అక్షరాలు బయటపడతాయి. పెండ్లి పత్రికలు, కరపత్రాలు అచ్చేసినన్ని రోజులు దీనితో ఎవరికీ బాధ లేదు. కాగితం మీద పడ్డాక అది వేషమో నిజమో ఎవరడిగారు?

ఉద్యమం వేడెక్కాక మా ఓనరు వార్తల వెబ్‌సైటు పెట్టాడు. ఓనరు నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. సిరిసిల్ల నుంచి ఒక విలేకరి వార్తలు పంపేవాడు. సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇంటి పిల్లవాడు, మాట వేడి, మనసు మెత్తన. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు చోట్ల ఏ దీక్షా శిబిరంలో ఏం జరిగినా ఆ పూటే నేను కొట్టి ఎక్కించేదాన్ని. మా వార్తల కోసం ఎక్కువగా ఎదురుచూసేది గల్ఫులో ఉన్న మనవాళ్లు. పాపం, వాళ్లు చదివేది క్యాంపు దగ్గరి నెట్ సెంటర్లలో. అక్కడి కంప్యూటర్లో మన ఫాంటు ఎక్కించుకోనియ్యరు. విలేకరి బావ ఒకాయన, బోయినపల్లి మనిషి, మస్కట్‌లో ఉండేవాడు. ఒకరోజు ఫోన్ చేసి నన్నే అడిగాడు:

"అక్కా, గిదేం భాష? అన్ని చుక్కలు, కొమ్ములు. మంత్రాలు గిట్ల రాస్తున్నరా?"

"మంచిగనే కొట్టిన తమ్మీ. నీలం అక్షరం బొమ్మ ఉంటది సూడు, దాంట్ల తెరువు."

"దాంట్ల మంత్రాలు, అక్కా. నక్క బొమ్మ దాంట్ల ఒట్టి డబ్బాలు."

ఇంటర్నెట్ తెరిచే ఆ బొమ్మలను బ్రౌజర్లు అంటారని అప్పటికి నాకు తెలిసింది. ఒక్కో బ్రౌజరుకు ఒక్కో గుణం. ఒకటి మా ఫాంటును వెంట తెచ్చుకుంటుంది, ఒకటి తెచ్చుకోదు, ఒకటి తెచ్చుకొని కూడా సగమే వాడుతుంది. వీటన్నిటినీ సరిచేయడానికి ఓనరు కోరుట్ల నుంచి ఒక పిల్లను తెచ్చాడు.

ఆ పిల్ల సంగతి చెప్పాలంటే ఇప్పటికీ నా నోరు సక్కగా తిరగదు. కంప్యూటరు చదువు చదివింది. సన్నగా, నిమ్మళంగా ఉండేది. నవ్వితే ఆఫీసు మొత్తం అటే చూసేది. నేను ఎన్నో ఏండ్లుగా కూర్చున్నది ప్లాస్టిక్ కుర్చీలో. ఆమె వచ్చిన వారానికి తిరిగే కుర్చీ వచ్చింది. కరెంటు పోతే ఇన్వర్టరు ఆమె కంప్యూటరుకే. సిరిసిల్ల విలేకరి ఇంటి నుంచి సర్వపిండి తెస్తే పొట్లం ముందు నా బల్ల మీద విప్పేవాడు. ఆమె వచ్చాక ఆమె బల్ల మీద విప్పి, "పెద్దక్కా, నువ్వు గూడ రా" అనడం మొదలుపెట్టాడు. నువ్వు గూడ! పైగా ఆ పిల్ల నన్ను పెద్దమ్మా అని పిలిచేది. నా నెత్తి సగమైనా నెరవలేదప్పటికి.

ఆమె చేసే పని జావాస్క్రిప్టు. చదివేవాళ్ల బ్రౌజరులోనే కూర్చొని పని చేసే రాత అది. మా పేజీ తెరవగానే, నేను కొట్టిన గుర్తులను ఒక్కొక్కటే చూసి, వేషం విప్పి, అసలు తెలుగు అక్షరంగా మార్చాలి. దాన్ని యూనికోడ్ అంటారు. అందులో ప్రతి భాషలోని ప్రతి అక్షరానికి సొంత స్థానం ఉంటుంది, ఎవరి స్థానంలోనూ ఇంకొకరు కూర్చోరు. మా పాత ఫాంటులో 'కి' అంటే రెండు ముక్కలు, వత్తులు ఎక్కడంటే అక్కడ కొట్టినా చూడటానికి బాగుండేది. ఆ ముక్కలన్నీ అతికించి అక్షరం చేయాలి. ఆమె నెల రోజులు నా పక్కన కూర్చొని, "పెద్దమ్మా, 'క్ష్మి' ఎట్ల కొడ్తవు? 'ఘ' ఎట్ల కొడ్తవు?" అని అడిగింది. చెప్పాను. మూతి ముడుచుకునే చెప్పాను.

మొదటిసారి ఎక్కించిన రోజు పేజీ మొత్తం డబ్బాలు పడ్డాయి. నా ప్రాణం లేచి వచ్చింది. అక్షరాలు ఏ పద్ధతిలో దాచామో పేజీ మొదట్లోనే ఒక వరుస రాయాలట. యూటీఎఫ్-8 అని దాని పేరు. ఆమె పేజీలో రాసింది గానీ స్క్రిప్టు ఫైలును ఆ పద్ధతిలో దాచడం మరిచింది. ఆ వరుస లేకపోతే, ఫైలు అట్లా లేకపోతే, బ్రౌజరు తనకు తోచింది ఊహించుకుంటుంది. "అయ్యో" అని నెత్తి కొట్టుకొని, చాయ చల్లారే లోపల సరిచేసింది. నేను అదే చాయ తాగుతూ చూశాను. చేదుగా ఉంది.

ఇదంతా ఒట్టి కుళ్లే అనుకోకండి. ఓనరు ఒకరోజు నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నాడు: "అక్కా, ఈ పిల్ల పని పూర్తయితే పాత ఫాంటు కొట్టుడు బందు. కొత్త తీరు కొట్టుడు గూడ ఈ పిల్లనే చూసుకుంటది. నీకు గూడ జర ఆరామ్."

ఆరామ్ అంటే ఏమిటో నాకు తెలుసు. ఇంటి అరుగు మీద మళ్లీ బీడీల చాట. అక్షరాలు నేర్వని మనిషి మళ్లీ బీడీలకు పోతే ఎవరూ ఏమీ అనరు. నేర్చుకొని, ఊళ్లో అందరికీ కనపడేట్టు నేర్చుకొని, మళ్లీ చాట ముందర కూర్చోవడం నా వల్ల కాదు. అందుకని ఆ పిల్ల పని చెడిపోవాలని రోజూ కోరుకునేదాన్ని. నేను చెడగొట్టింది మాత్రం ఏమీ లేదు. కోరుకున్నాను, అంతే.

ఇక ఆ మంగళవారం. బస్సులు బందు. బొగ్గు తవ్వేవాళ్లు కూడా సమ్మెలో ఉన్నారు కాబట్టి కరెంటు పొద్దున పదకొండింటికి వస్తే ఒంటిగంటకు పోతుంది. ఆ రెండు గంటల్లోనే ఏదైనా. కోరుట్ల పిల్ల వాళ్ల నాయన స్కూటరు మీద వచ్చింది. సాయంత్రం బతుకమ్మకని దారిలో తెంపిన తంగేడు పూల సంచి బల్ల కింద పెట్టింది. విలేకరి సిరిసిల్ల నుంచి బండి మీద వచ్చాడు. మా సారు కూడా వచ్చాడు. అప్పటికి రిటైరయ్యాడు. శిబిరంలో పెద్ద దిక్కు ఆయనే, గొంతు బొంగురుపోయింది. కొత్త పద్ధతి ఆయన చేతుల మీదుగా మొదలుపెట్టాలని ఓనరు పిలిపించాడు. సారు నన్ను చూసి తల ఊపాడు, నేరుగా పోయి ఆ పిల్ల పక్కన కూర్చున్నాడు.

పేజీ తెరిచింది. తెలుగు. నీలం బొమ్మలో తెలుగే, ఎక్కడా చుక్క తప్పులేదు. విలేకరి మస్కట్ బావకు ఫోన్ కలిపి బల్ల మీద పెట్టాడు. బావ రాత్రి డ్యూటీ దిగి నెట్ సెంటర్లో కూర్చొని ఉన్నాడు. "కనవడుతున్నది బామ్మర్దీ! తెలుగే!" అని ఫోనులోంచి ఒక కేక. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను, చప్పుడు రాకుండా.

"వెతికే గడి గూడ పెట్టిన సారూ. ఏ మాట కావాలన్నా కొట్టుండ్రి, ఎన్ని వార్తల్ల ఉంటే అన్ని చూపిస్తది" అంది పిల్ల.

"ఇంకేం మాట బిడ్డా, తెలంగాణ అని కొట్టు" అన్నాడు సారు.

కొట్టింది. ఆ గడిలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగైపోతుంది, అది కూడా ఆమె రాసిందే. మీట నొక్కింది. ఏ వార్తా దొరకలేదని వచ్చింది.

మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. ఉద్యమం అని కొడితే లేదు. ఊరి పేరు జగిత్యాల అని కొడితే కుప్పలు కుప్పలుగా వచ్చింది. సమ్మె అని కొడితే వచ్చింది. మళ్లీ తెలంగాణ అని కొడితే లేదు.

విలేకరి ఫోనులో బావను అడిగాడు, "బావా, నువ్వు జర తెలంగాణ అని కొట్టి సూడు."

"లేదంటున్నదిరా!"

"ఢిల్లీల లేదంటున్నరని కొట్లాడుతుంటిమి. మన సైటుల గూడ లేదానుల్లా!" అని విలేకరి నెత్తి పట్టుకున్నాడు.

సారు నవ్వలేదు. "తెలంగాణ లేకుంట ఇన్ని రోజులు ఏం రాసిండ్రు మీరు?" అన్నాడు ఓనరును చూసి. ఓనరు ఆ పిల్లను చూశాడు. ఆ పిల్ల మొహం వాడిపోయింది. నా కడుపు చల్లబడింది అప్పుడే. ఇక ఈమె పని అయిపోయినట్టే, ఆరామ్ ఎవరికో ఇప్పుడు చూద్దాం అనుకున్నాను. లేచి అందరికీ నీళ్లు కూడా ఇచ్చాను.

ఆమె ఏడవలేదు, సాకులు చెప్పలేదు. నీలం బొమ్మ మూసి నక్క బొమ్మ తెరిచింది. అదే పేజీ. అక్షరాలను పెద్దవి చేసింది, ఇంకా పెద్దవి చేసింది. తెరంతా ఒక్క మాటే మిగిలింది. తె, ల, గా, ణ. ల పక్కన ఏదో నిలబడి ఉంది. గుండ్రంగా లేదు. పొడుగ్గా ఉంది.

"సారూ, గీ సున్న సూడుండ్రి. కోడిగుడ్డు లెక్క లేదా?"

"అవును బిడ్డా, నిలబడ్డది."

"ఇది మన సున్న కాదు, అంకెల సున్న. ఆ బ్రౌజరుల రెండు ఒక్క తీర్గనే గుండ్రంగ కనవడ్డయి. ఇది అంకెలను వేరే ఫాంటుల చూపిస్తున్నది, అందుకే దొరికింది." అప్పుడు నా వైపు తిరిగింది. "పెద్దమ్మా, సున్న ఏ మీటతోని కొడ్తవు?"

అన్ని తలలూ నా వైపు తిరిగాయి. నెల రోజులు అడిగింది, క్ష్మి అడిగింది, ఘ అడిగింది, సున్న ఒక్కటే అడగలేదు. సున్నను ఎవరు అడుగుతారు? నేను పోయి కీబోర్డు కుడి పక్కన అంకెల దగ్గర, బొటనవేలి కింద పడే పెద్ద మీట చూపించాను.

"ఇంకేం మీట ఉంటది? సున్న అంటే ఇదే గదా" అన్నాను.

పాత ఫాంటులో అక్షరాల సున్నకు వేరే మీట ఉంది. దానికి రెండు చేతులు కావాలి. ఇది బొటనవేలికి అందుతుంది, కాగితం మీద రెండూ ఒకే గుండ్రం. అంతకు ముందు సీసం కాలంలో కూడా అక్షరాల సున్నలు అయిపోతే అంకెల గూట్లోంచి తెచ్చి పెట్టుకునేవాళ్లం. ఆ ప్రెస్సులో అందరం అంతే. కానీ ఆ రోజు అందరూ లేరు, నేనే ఉన్నాను. మా వెబ్‌సైటులో ప్రతి తెలంగాణలో, ప్రతి ఉద్యమంలో, ప్రతి సంఘంలో అంకె కూర్చొని ఉంది.

నేను ఏదో అనేలోపే సారు నవ్వాడు. "తప్పు ఆమెది కాదు, నాది. రెండు సున్ననే అని రాత్రి బడిల చెప్పింది నేనే" అన్నాడు. అది కూడా నాకు నచ్చలేదు. అందరి ముందూ నా మీట నేను చూపించుకున్నాను. ఆ తప్పుకు కూడా ఆయనే ముందుకొచ్చి తన పేరు పెట్టుకున్నాడు.

ఆ పిల్ల అప్పటికే రాస్తోంది. సున్న అంకె కనిపిస్తే చాలు, అక్షరాల సున్నగా మార్చమని. మీట నొక్కింది. తెలంగాణ అని కొట్టింది. వార్తలు జలజలా రాలాయి. ఓనరు కుర్చీలోంచి లేచాడు. సారు మొదటి వార్తను పైకి చదవబోయి ఆగిపోయాడు.

"అరవై ఒకటిం జీవో? గిదేంది బిడ్డా?"

ఇక్కడి కొలువులు ఇక్కడివాళ్లకే అన్న ఆరు వందల పది జీవో అని నేను ఎన్నిసార్లు కొట్టానో. తెర మీద ఆరు, ఒకటి, పక్కన అక్షరాల సున్న. తారీఖులు చూస్తే అన్నిట్లో సున్నలు గుండ్రంగా మోగుతున్నాయి.

"మన జీవోను గూడ మింగినవా చెల్లే!" అన్నాడు విలేకరి. నాకు మళ్లీ ప్రాణం వచ్చింది. నవ్వు ఆపుకోలేక చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. కరెంటు పోయే టైము దగ్గరపడుతోంది, ఓనరు గడియారం చూస్తున్నాడు. సరిగ్గా ఇప్పుడే పోవాలి కరెంటు, అనుకున్నాను.

పిల్ల తెర మీది సున్నల మీదుగా వేలు జరిపింది. తర్వాత తనతో తానే అన్నట్టు అంది: "సున్నను జూస్తే తెల్వదు. దాని ముందు ఎవలున్నరో జూడాలె. ముందు అక్షరముంటే అక్షరం. అంకె ఉంటే అంకె."

ఒక్క వరుస రాసింది. చిన్నది, నా వేలెడంత. నొక్కింది.

తెలంగాణ వచ్చింది. ఆరు వందల పది కూడా వచ్చింది. తారీఖులు తారీఖులుగా నిలబడ్డాయి. నీలం బొమ్మలో చూసింది, నక్క బొమ్మలో చూసింది, రెండింట్లోనూ అదే. ఫోనులోంచి మస్కట్ బావ మెల్లగా, రాత్రి బడిలో మేము చదివినట్టు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు: "తె... లం... గా... ణ. ఉన్నదిరా! ఈడ ఉన్నది!"

సారు కండ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "గిదే గదా నేను పలక మీద చెప్పింది. పక్కోన్ని జూసి చెప్పాలె అని" అన్నాడు. తర్వాత అన్నాడు, "శభాష్ బిడ్డా."

ఇద్దరం తలెత్తాం. ఆయన చూస్తున్నది ఆమెను.

ఆ పాఠం విన్నది నేను. ఆమె అప్పటికి అంగన్‌వాడీలో పలక కొరుకుతూ ఉండి ఉంటుంది. నా చెవిలో అన్నేండ్లు పడి ఉన్న మాట ఆమె చేతిలోంచి వచ్చింది. ఆ కడుపుమంట ఇంతవరకు ఆరలేదు, దాని మీద నీళ్లు చల్లాలని నేను అనుకోను కూడా.

నా కుర్చీ పోలేదు. అది కూడా ఆమె పుణ్యమే. రేపటి నుంచి కొత్త తీరు కొట్టుడు నీదేనా అని ఓనరు ఆమెను అడిగితే, "నాకు తెలుగు కొట్టుడు రాదన్నా. ఒక్కో అక్షరం ఏరుకుంట. పెద్దమ్మ కొడితేనే ఆ పూట వార్త ఆ పూట వస్తది. మీటలు నేను చూపిస్త" అంది. కరెంటు పోయింది. తంగేడు పూల సంచి ఎత్తుకొని, సగం నా కొంగులో పోసి, "గునుగు పువ్వు నీ దగ్గరుందా పెద్దమ్మా?" అంది. గునుగు నా దగ్గర లేదు. ఆమె బతుకమ్మ నా దానికంటే ఎత్తుగా వస్తుందని అప్పుడే తెలిసిపోయింది నాకు.

కొత్త మీటలు ఆమె దగ్గరే నేర్చుకున్నాను. పలక మీద ఒకసారి, సీసంలో తిరగేసి ఒకసారి, పాత ఫాంటులో ఒకసారి, ఇది నాలుగోసారి. అన్నిటికంటే తొందరగా ఇదే వచ్చింది. ఆమె ఎదురుగా తప్పు పోవద్దన్న పంతం అది. తర్వాత ఆమె హైదరాబాదులో పెద్ద ఉద్యోగానికి పోయింది. నేను కండ్లు మసకబారేదాకా అక్కడే కొట్టాను. పేజీలో ఎక్కడ తెలంగాణ వచ్చినా సున్న దగ్గర వేలు ఒక్కసారి ఆగేది.

ఈ కాలం పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. మీ పక్కన మీకంటే బాగా పని చేసేవాళ్లు కూర్చుంటే మండుతుంది. మండనీయండి. చేతులు మాత్రం మీట మీదే ఉంచండి.

ఆ రోజు అక్కడ ఉన్నది వీళ్లం: గడియారం చూసుకుంటూ మా ఓనరు, బండి మీద వచ్చిన సిరిసిల్ల విలేకరి, మస్కట్ నుంచి ఫోనులో బోయినపల్లి బావ, ఫోనులో ఉన్నా ఉన్నట్టే, బొంగురు గొంతుతో మా సారు, ఇప్పుడు లేడు, తంగేడు పూలతో కోరుట్ల పిల్ల, నేను. ఒక్క శభాష్‌కు తలెత్తిన బిడ్డలం ఇద్దరం.